చెయ్యి పడిన రాయి

పాత అగేటు గోళీని గుర్తుపట్టడానికి ట్యూబులైటు చాలు. గోళీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, లైటు గీత దాని మీద పడేటట్టు నిలబడి, నెమ్మదిగా తిప్పాలి. ఈ మధ్య మిషను మీద చేసిన గోళమైతే ఆ తెల్లటి గీత ఎక్కడా తెగకుండా జారుకుంటూ పోతుంది. నూరేళ్ళు పైబడిన జర్మనీ గోళీ అయితే గీత ఒకచోట తడబడుతుంది. విరిగి, కొంచెం పక్కకు జరిగి, మళ్ళీ దారిలో పడుతుంది. అక్కడొక చదును ఉందన్నమాట. ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. వేలితో తడిమితే తెలియదు, మామూలుగా చూస్తే కనపడదు. అలాంటి చదునులు గోళీ ఒంటి నిండా ఉంటాయి. తిరిగే సాన మీద రాయిని ఆనించి, కాస్త అరగ్గానే తిప్పి, మళ్ళీ ఆనించి, మళ్ళీ తిప్పి గుండ్రం చేసిన మనిషి వేళ్ళు ఎక్కడెక్కడ ఆగాయో అవే చెబుతాయి.

నాది తిరుపతిలో కళ్ళద్దాల షాపు. గాజు మీద వెలుతురు ఎలా నడుస్తుందో చూడడమే నా జీవనం. లెన్సు మీద లైటు గీత ఇలా వంకర పోయిందంటే ఆ లెన్సు వాపసు పంపేస్తాను. రాత్రి ఇంటికొచ్చి, అదే వంకర కోసం లూపు కంటికి పెట్టుకుని రాతి గోళీలు తిప్పుతూ కూర్చుంటాను. మా ఆవిడ దీన్ని రాళ్ళ పిచ్చి అంటుంది. నేను కాదనను. కానీ ఆ పిచ్చిలో ఒక తగవుంది. మా దేవుడి గదిలో ఉన్న రాళ్ళకూ నా పెట్టెలో ఉన్న రాళ్ళకూ పడదు. ఆ తగవు గురించే ఇది.

ముందు పెట్టె సంగతి. అందులోవి ఎక్కువ భాగం జర్మనీలోని ఈడార్-ఓబర్‌ష్టైన్ అనే ఊళ్ళో చేసినవి. నాహే నది లోయలో కొండల మధ్య ఊరది. మా అమ్మాయి మైన్జ్‌లో ఉద్యోగం చేస్తుంది కాబట్టి రైలెక్కి వెళ్ళి చూసొచ్చే అదృష్టం పట్టింది. అక్కడి వాగు పొడవునా ఒకప్పుడు నీటిచక్రాలతో తిరిగే సాన మిల్లులు ఉండేవి. వాటిలో వైహెర్‌ష్లైఫె అనే మిల్లును ఇప్పుడు చూడొచ్చినవాళ్ళ కోసం నడుపుతున్నారు. లోపల ఇసుకరాతి చక్రాలు నిలువుగా తిరుగుతుంటాయి, దాదాపు మనిషి భుజమంత ఎత్తున. వాటి మీద నీళ్ళు ఆగకుండా పడుతుంటాయి. సాన పట్టేవాడు కూర్చోడు, నిలబడడు. ఒంటి ఒంపుకు తగ్గట్టు తొలిచిన చెక్క పీట మీద బోర్లా పడుకుంటాడు. రొమ్మూ పొట్టా దానికి ఆనించి, కాళ్ళు వెనకాల నేలకు కొట్టిన చెక్కకు తన్నిపెట్టి, ఒంటి బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని రాయిని చక్రానికి అదుముతాడు. అగేటు మామూలు రాయి కాదు, చాకుతో గీస్తే గీత పడదు. దాన్ని అరగదీయడానికి మణికట్టు బలం ఎక్కడ చాలుతుంది? పిక్కల నుంచి రావాలి.

"సాష్టాంగంలా ఉంది కదా నాన్నా" అంది మా అమ్మాయి. నాకా పోలిక నచ్చలేదు. సాష్టాంగపడినవాడు లేస్తాడు. ఈయన పొద్దుగూకేదాకా లేవడు.

ఆ చుట్టుపక్కల కొండల్లో దొరికే అగేటు 19వ శతాబ్దం మొదలయ్యేసరికే అడుగంటుతోంది. బతుకుదెరువుకు బ్రెజిల్ వెళ్ళిన ఆ ప్రాంతం వాళ్ళు రియో గ్రాందె దో సుల్‌లో అగేటు గుండ్లు పడి ఉండడం చూసి, 1830ల నుంచి ఓడల్లో ఊరికి పంపడం మొదలుపెట్టారు. బ్రెజిల్ రాయి చాలావరకు బూడిద రంగు. అందుకని రంగులెయ్యడం పట్టుకున్నారు. రాయిని తేనె నీళ్ళలోనో పంచదార నీళ్ళలోనో నానబెట్టి, తరవాత గంధకామ్లంలో వేస్తే లోపలికి ఇంకిన తీపి మాడి బొగ్గవుతుంది, రాయి నల్లబడుతుంది. వదులుగా ఉన్న పొరలు రంగు పీలుస్తాయి, బిగువైన పొరలు తెల్లగానే మిగిలిపోతాయి. నల్ల గోళీ మీద తెల్లచార అందంగా ఉందని మురిసిపోయేవాళ్ళకు ఈ సంగతి చెబితే, "అయితే నకిలీయా?" అని మొహం ముడుచుకుంటారు. నాకా పట్టింపు లేదు. రంగేసినవాడికి ఆ రాతిలో ఏ పొర తాగుతుందో ఏది తాగదో తెలుసు. అది రాయిని మోసం చేయడం కాదు, చదవడం.

అన్నిటికంటే నాకు ఇష్టమైనవి బుల్స్ ఐ గోళీలు. గోళీని ఒక పక్క నుంచి చూస్తే నడిమధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ వలయాలు, కన్ను మనల్నే చూస్తున్నట్టు. ఆ కన్ను రాతిలో దానంతటదే ఉండదు, అంటే ఆ చోటున ఉండదు. గుండు పగలగొట్టినప్పుడు పొరలు ఎటు ఒంపు తిరుగుతున్నాయో చూసి, వాటి నడుము సరిగ్గా గోళీ మధ్యకు వచ్చేట్టు ముందు సుత్తితో చెక్కుకోవాలి. కొంచెం అటూ ఇటూ అయితే కన్ను చెంప మీదికి జారిపోతుంది. నా దగ్గరున్న ఒకదానికి జారింది కూడా. మెల్లకన్ను గోళీ అంటాం ఇంట్లో.

ఆ తరవాత గాజు వచ్చింది. 1846లో జర్మనీలోనే లౌషా అనే ఊళ్ళో గాజు కడ్డీ నుంచి గోళీలు కత్తిరించే పటకారు తయారైంది. 1905లో అమెరికాలో ఆక్రన్ పట్నంలో మార్టిన్ ఫ్రెడరిక్ క్రిస్టెన్సన్‌కు గోళీల మిషను మీద పేటెంటు దక్కింది. ఉక్కు బేరింగు గుండ్లు చేసే పనిలో తలపండినవాడు, గుండ్రం సంగతి అతనికి ఒకరు చెప్పాలా? మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి జర్మనీ ఓడలు ఆగిపోయాయి. రాతి గోళీ పిల్లల జేబుల్లోంచి పోయి మాలాంటి వాళ్ళ పెట్టెల్లో చేరింది.

ఇక దేవుడి గది. మాది శ్రీకాళహస్తి. మా నాయన పంచాయతన పూజ చేసేవారు. రాగి పళ్ళెంలో అయిదు రాళ్ళు. గండకి నది సాలగ్రామం విష్ణువు. నర్మద బాణలింగం శివుడు. శోణానది ఎర్రరాయి వినాయకుడు. తంజావూరు దగ్గర వల్లం స్ఫటికం సూర్యుడు. అమ్మవారు మాత్రం మా ఊరి ఆడపడుచే, స్వర్ణముఖి ఏటి రాయి. ఒక్కదానికీ ముఖం లేదు, చెయ్యి లేదు, ఆయుధం లేదు. నర్మద రాళ్ళలో అగేటు, జాస్పర్ జాతివి చాలా ఉంటాయి. మా నాయన బాణలింగం తేనెరంగు మీద సన్నటి తెల్లచారలతో ఉంటుంది. నా పెట్టెలోని గోళీ, ఆ పళ్ళెంలోని శివుడు ఒకే సరుకు. కరిగిన లావా చల్లారేటప్పుడు మిగిలిపోయిన గాలిబుడగల్లోకి నీళ్ళు సిలికాను మోసుకొచ్చి, పొరలు పొరలుగా నింపుతాయి. అదే అగేటు. ఈడార్‌లో అయినా, బ్రెజిల్‌లో అయినా, మన దక్కనులో అయినా ఇదే పని.

సరుకు ఒకటే, కొలతలు పూర్తిగా తిరగబడ్డాయి. బాణలింగానికి ప్రాణప్రతిష్ఠ అక్కర్లేదు. ఉలి పడలేదు కనుక. శిల్పి చెక్కిన విగ్రహానికైతే కావాలి, అది మనిషి చేసింది కనుక. నర్మద ప్రవాహంలో దొర్లి దొర్లి నునుపెక్కిన రాయిని తీసి పీట మీద పెడితే చాలు, అప్పటికే దేవుడు. పరీక్ష కూడా ఉంది. బియ్యంతో తూచాలి, మళ్ళీ తూచాలి, మళ్ళీ తూచాలి. ప్రతిసారీ బరువు తేడా వస్తే అసలైనది. (బజారులో ఏ కంసాలి అయినా అలాంటి త్రాసు పెట్టుకుంటే తూనికల శాఖవాళ్ళు ఊరుకోరు.) సాలగ్రామంలో చక్రాలను వజ్రకీటమనే పురుగు తొలిచిందంటారు. శిలాజ శాస్త్రం చదివినవాళ్ళు అది ఎప్పటిదో సముద్ర జీవి గుల్ల అంటారు. రెండు కథల్లోనూ ఒక ప్రాణి పని చేసింది, కానీ ఆ ప్రాణి మనిషి కాదు. పట్టింపు అక్కడే. ఆ పళ్ళెంలోకి రావాలంటే రాయి మీద మనిషి చెయ్యి పడి ఉండకూడదు. నా పెట్టెలోకి రావాలంటే పడి ఉండాలి, పడినట్టు కనపడాలి కూడా.

ఇది నా ఇంటి తగవే కాదు. మన దర్శనాల్లో దీన్ని పట్టుకుని శతాబ్దాలు వాదించుకున్నారు. మీమాంసకులు వేదం అపౌరుషేయం అన్నారు. ఎవరూ రాయలేదు. ఎవరూ రాయకపోవడం దానికి లోటు కాదు, అదే దాని బలం. కుమారిలభట్టు లెక్క ప్రకారం మాటలో తప్పు ఎక్కడి నుంచి వస్తుంది? చెప్పినవాడి నుంచి. వాడి అజ్ఞానం నుంచి, వాడి ఆశ నుంచి, వాడి మోసం నుంచి. చెప్పినవాడే లేకపోతే తప్పు రావడానికి దారే లేదు. ఇంకా తమాషా ఏమిటంటే, వేదానికి అంతగా కాపు కాసిన ఆ మీమాంసకులే జగత్తుకు సృష్టికర్త కావాలన్న వాదాన్ని ఒప్పుకోలేదు. నైయాయికులది అటు దారి. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నాడు. భూమి, మొలక, కొండ ఇవీ తయారైనవే కనుక వీటికీ ఒక కర్త ఉన్నాడు. వేదం ప్రమాణమే, కానీ అది నమ్మదగినవాడు చెప్పింది కనుక. పదో శతాబ్దంలో ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈ వాదాన్ని పూర్తిగా నిలబెట్టాడు. తర్కసంగ్రహం రాసిన మన అన్నంభట్టు కూడా ఆ బడిలోవాడే. దేశమంతా పిల్లలు తర్కం ఓనమాలు దిద్దుకున్నది ఆ తెలుగువాడి పుస్తకంతోనే.

మా నాయన పళ్ళెం మీమాంస పక్షం. నా పెట్టె న్యాయ పక్షం. కర్త లేకపోవడం అక్కడ పవిత్రత, కర్త జాడ కనపడడం ఇక్కడ విలువ. అయితే నేను నైయాయికులతో కూడా పూర్తిగా పోలేను. వాళ్ళ కుండలో కుమ్మరి సర్వజ్ఞుడి వైపు వేలు చూపించడానికి వచ్చిన పాత్ర. ఆ పని కాగానే అతన్ని పంపేస్తారు. అతని నడుం నొప్పి గురించి ఏ గ్రంథంలోనూ లేదు. నా గోళీ మీది చదును సర్వజ్ఞుణ్ణి చూపించదు. సరిగ్గా ఎప్పుడు తిప్పాలో ఒక క్షణం తెలియని మనిషిని చూపిస్తుంది. ఆ తప్పే అతను ఉన్నాడనడానికి సాక్ష్యం. కుమారిలుడు ఏ దోషాన్ని చూసి భయపడ్డాడో, నేను ఆ దోషం కోసమే లూపు పెట్టుకుని వెతుకుతాను.

గోళీల దగ్గర కూర్చుని, కర్త ఎవరని ఇంతకంటే సూటిగా అడిగినవాడు ఒకడున్నాడు. జాఁ పియాజే అనే స్విట్జర్లాండు మనస్తత్వవేత్త. జెనీవా, నషాతెల్ పట్నాల్లో గోళీలాడే మగపిల్లల పక్కన కూర్చుని, ఆట నేర్పించమని, మధ్యలో ఇలా అడిగేవాడు: ఈ నియమాలు ఎవరు పెట్టారు? మార్చవచ్చా? 1932లో ఆ పరిశీలనలన్నీ పుస్తకంగా వచ్చాయి. చిన్నపిల్లలు కొందరు నియమాలు దేవుడు పెట్టాడన్నారు, కొందరు నాన్న పెట్టాడన్నారు, ఇంకొందరు ఊరి పెద్దలు పెట్టారన్నారు. మార్చకూడదన్నారు. విచిత్రమేమిటంటే అలా అన్న పిల్లలే ఆడేటప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆడారు. పదేళ్ళు దాటినవాళ్ళు మాత్రం అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చన్నారు, ఒప్పుకున్నాక కచ్చితంగా పాటించారు. కర్త పైనెక్కడో ఉన్నాడనుకున్నంత కాలం నియమం గాల్లో ఉంది. కర్తలం మనమే అని తెలిశాక అది చేతికి వచ్చింది.

మా ఊళ్ళో మేం ఆడిన గోళీలు గాజువే. ఎడమచేతి వేలి మీద గోళీ పెట్టి, కుడిచేత్తో వెనక్కి లాగి వదలడం; ఓడినవాడు పిడికిలి నేల మీద పెట్టి కణుపుల మీద గోళీ దెబ్బలు తినడం. ఆ నియమం ఎవరు పెట్టారని నన్ను అప్పట్లో అడిగితే, మా వీధిలో పెద్ద గోళీ ఉన్న కుర్రాడి పేరు చెప్పి ఉండేవాణ్ణి.

ఆట మాట వచ్చింది కాబట్టి రాతి గోళీ మీద ఉండే ఇంకో గుర్తు చెప్పాలి. చేసినవాడిది కాదు, ఏటిది కాదు, ఆడిన పిల్లవాడిది. అగేటు గట్టి రాయే గానీ దెబ్బకు లోపల చిట్లుతుంది. పైన ఏమీ ఊడదు, చర్మం కింద నెలవంక ఆకారంలో తెల్లటి బీట కనిపిస్తుంది. సేకరించేవాళ్ళు వీటిని చందమామలనే పిలుస్తారు, లోపం కింద లెక్కగట్టి ధర తగ్గిస్తారు. ఒక్క చందమామ కూడా లేని గోళీకి గిరాకీ ఎక్కువ. ఒక్కసారి కూడా ఆటలోకి దిగని గోళీకి అంత గౌరవమేమిటో నాకు అర్థం కాదు. ఆడడానికి చేసిన వస్తువు ఆడకుండా మిగిలితే దాన్ని నిష్కళంకం అనడం నాకు నోరు రాదు. నా పెట్టెలో చందమామలు ఉన్నవే ఎక్కువ. కొంత సిద్ధాంతం, కొంత బడ్జెట్టు.

ఇప్పుడు తగవు దగ్గరికి వస్తాను. మా నాయన పోయాక పళ్ళెం నాకు వచ్చింది. ఒకరోజు అభిషేకమయ్యాక, బాణలింగాన్ని గుడ్డతో తుడుస్తూ, ట్యూబులైటు కింద తిప్పాను. గీత రెండుచోట్ల తెగింది. ఆ సమయానికి మా నాయన దగ్గర వేదం చదువుకున్న శాస్త్రి గారు అక్కడే కూర్చుని ఉన్నారు. నాకంటే పదేళ్ళు పెద్ద. అటు ప్రసాదం చేతిలో పెట్టుకుని, ఇటు నా మొహం చూశారు.

"ఏమయ్యా, శివుడికి కళ్ళజోడు నంబరు చూస్తున్నావా?"

"చదునులున్నాయండీ. రెండు."

"ఉంటే?"

"ఏటిదో, సానదో తెలియడం లేదు."

ఆయన నవ్వలేదు. "నర్మద సాన కాదా?" అన్నారు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోలేదు. నది కూడా అరగదీస్తుంది, ఇసుకే దానికి సాన. ఏటి రాయి నిండా చదునులుంటాయి. కానీ ఇప్పుడు బజారులో బాణలింగాలుగా అమ్ముతున్నవాటిలో చాలామటుకు నది అరగదీసినవి కావు. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున బకావా అని ఒక గ్రామం ఉంది. ఊరంతా అదే పని. ఏటి నుంచి రాళ్ళు తెచ్చి, మిషను మీద అరగదీసి, నున్నగా మెరుగుపెట్టి, చిన్నవి, పెద్దవి, గుడి సైజువి అన్నీ చేస్తారు. దొంగతనంగా కాదు, పట్టపగలే చేస్తారు, అది వాళ్ళ వృత్తి. దాన్ని తెచ్చి మనకు అమ్మేవాడే మధ్యలో ఒక మాట మింగేసి, "స్వయంభువు, సహజం" అంటాడు. మనం కొంటాం. అక్కడ రాయి ముందు కూర్చున్న మనిషి ఆ ఒక్క మాటతో మాయమైపోతాడు.

నా అభ్యంతరం పూజ మీద కాదు. నిజంగా ఏరు చేసిన రాయికి మొక్కడంలో నాకే ఇబ్బందీ లేదు. అది ఎవరి ఒళ్ళూ అరగదీయలేదు. కర్త లేడు అనే మాటలో ఉన్న సౌకర్యమే నన్ను ఇబ్బంది పెడుతుంది. చేసినవాడు లేకపోతే మనం ఎవరికీ బాకీ లేం. పవిత్రత అని మనం అనుకునేదానిలో కొంత ఈ బాకీ లేనితనమే అని నా అనుమానం. శాస్త్రి గారితో ఇదే అన్నాను. పుట్టగానే మనిషికి మూడు ఋణాలంటారు కదా, దేవతలకు, ఋషులకు, పితరులకు. అందులో సాన పట్టినవాడికి చోటేదీ? ఆయన వెంటనే అందుకున్నారు. "మూడంటున్నది తైత్తిరీయం. శతపథ బ్రాహ్మణం నాలుగు చెప్పింది, నాలుగోది మనుష్యఋణం." అది ఎలా తీర్చాలండీ అన్నాను. "ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టి, ఉండడానికి చోటిచ్చి."

మంచి జవాబే. కానీ గోళీ చేసినవాడు నా ఇంటికి రాడు. వచ్చేది గోళీ ఒక్కటే.

ఆ వచ్చేవాటిలో ఖంభాత్ నుంచి వచ్చినవి ఉన్నాయి. గుజరాత్ తీరంలో ఉన్న ఆ పట్నం అగేటు పనికి ప్రపంచంలోనే పాత ఊళ్ళలో ఒకటి. అక్కడికి దగ్గర్లోని లోథాల్‌లో హరప్పా కాలం నాటి పూసల కార్ఖానా బయటపడింది. సింధు నాగరికత పొడుగాటి ఎర్ర కార్నీలియన్ పూసలు ఇరాక్‌లోని ఊర్ రాజసమాధుల్లో దొరికాయి. రాయి రతన్‌పూర్ గనుల నుంచి వస్తుంది. అక్కడి కొండ మీద బాబా ఘోర్ దర్గా ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీ సాధువు ఆయన. అగేటు వ్యాపారానికి ఊపిరి పోసింది ఆయనేనని అక్కడివాళ్ళ నమ్మకం. తవ్వి తీసినప్పుడు రాయి పసుపు గోధుమ రంగులో ఉంటుంది. ఎండబెట్టి, కుండల్లో పెట్టి, నిప్పు సెగ మీద కాలుస్తారు. రాతిలో ఉన్న ఇనుము తుప్పు రంగు మారి ఎర్రబడుతుంది. నేలలో పాతిన ఇనప మేకు మొనకు రాయి ఆనించి, ఇవతలి నుంచి కొమ్ముతో చేసిన సుత్తితో కొడితే అవతలి వైపు పెచ్చు లేస్తుంది. సుత్తి ఒకచోట, పెచ్చు ఇంకోచోట. ఆ నేర్పు నాలుగువేల ఏళ్ళకు పైగా చేతులు మారుతూ వచ్చింది.

తరవాత సాన. ఇప్పుడు కరెంటు మోటారు మీద తిరిగే సాన. ఇళ్ళల్లోనే, వరండాల్లోనే. నీళ్ళు పోయకుండా పొడిగా పట్టడం ఎక్కువ. అగేటు దాదాపు మొత్తం సిలికా. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే బయటికి రాదు. సిలికోసిస్ అంటారు, దానికి మందు లేదు. ఖంభాత్ సాన పనివాళ్ళు ఈ జబ్బుతో పోతున్న సంగతి ఎన్నో ఏళ్ళుగా తెలిసిందే, పరిశోధనలు జరిగాయి, పత్రికల్లో వచ్చింది. సాన పట్టనివాళ్ళు, పక్కనే వంట చేసుకునే ఆడవాళ్ళు కూడా అదే గాలి పీలుస్తారు. మా షాపులో గాజు లెన్సులు చేత్తో అంచులు పట్టే రోజుల్లో నీళ్ళు పడకుండా సాన తిప్పితే మా మేస్త్రీ తిట్టేవాడు. ఆయన సైన్సు చదవలేదు. తెల్లటి పొడి లేస్తే మంచిది కాదని తెలుసు, అంతే.

అందం చూసి ముగ్ధుడైపోయే పెద్దమనుషులంతా ఒక్కసారి ఆ పొడి దగ్గర ఆగాలి. అద్దాలు అరగదీసి బతికిన స్పినోజా మా వృత్తిలో పుట్టిన మహా తత్త్వవేత్త. దేవుడూ ప్రకృతీ వేరు కాదన్నాడు, సృష్టికి బయట కూర్చున్న కర్త ఎవరూ లేడన్నాడు. 1677లో ఊపిరితిత్తుల జబ్బుతో నలభైనాలుగేళ్ళకే పోయాడు. గాజు పొడి కూడా దానికి తోడయిందని చాలామంది అంటారు. ఆయన పుస్తకాల మీద వచ్చినన్ని వ్యాఖ్యానాలు ఆయన పీల్చిన పొడి మీద రాలేదు. నాకైతే రెండూ కలిపి చదవాలనిపిస్తుంది. దేవుడి మీద అంత శుభ్రంగా ఆలోచించిన మనిషి పగలంతా చేసిన పని అదే కదా.

ఈ పొడి సంగతి తెలిసినప్పటి నుంచి ఖంభాత్ గోళీలు కొనేటప్పుడు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను: సానకు నీళ్ళు పెడతారా? పొడి లాగే ఫ్యాను ఉందా? అమ్మేవాళ్ళు చాలామంది నన్ను వింతగా చూస్తారు. ఒకాయన నా వైపు జాలిగా చూసి, "సార్, ఇది ప్యూర్ నేచురల్" అన్నాడు. ఏమీ తెలియకపోతే కొనను. పాత జర్మనీ గోళీలు మాత్రం కొంటాను. వాటి పనివాళ్ళు ఎప్పుడో పోయారు.

ఇది శాస్త్రి గారి దగ్గర చెప్పి మెప్పు పొందుదామనుకున్నాను. ఆయన తాంబూలం నములుతూ విన్నారు.

"అంటే, చచ్చిపోయినవాడి ఊపిరైతే నీకు చెల్లుతుందన్నమాట."

"అది కాదండీ. పాతది కొంటే దాని కోసం కొత్తగా ఎవరూ సాన ముందు కూర్చోరు కదా."

"పాతదానికి నువ్వు ధర పెంచితే? ఆ ధర చూసి ఎవడో ఒకడు కూర్చోడూ? చదునులుంటేనే కొంటావని వాడికి తెలిస్తే చదునులు కూడా పెడతాడు. ఇక నీ ట్యూబులైటు ఏం చెబుతుంది? బియ్యంతో తూచడమే నయం."

దానికి నేనేమీ అనలేదు. దీపావళికి మా అమ్మాయి వస్తోంది. మైన్జ్‌లో పాత సామాన్ల సంతలో ఒక బుల్స్ ఐ చూశానని, చుట్టూ చదునులున్నాయని, కన్ను సరిగ్గా మధ్యలో పడిందని ఫోటో పెట్టింది. తేవాలా అని అడిగింది. వద్దని ఇంకా చెప్పలేదు.